తిరిగే దీపం ఎక్కడ ఆగాలి

సినిమా పాటల విడుదల వేడుక టీవీలో చూస్తున్నప్పుడు వేదిక వెనక నుంచి తెల్లటి కాంతి స్తంభాలు లేచి, ఆకాశమంతా ఒక చుట్టు చుట్టి, హీరో నడిచొచ్చే దారి మీదికి వాలడం శ్రోతల్లో చాలామంది చూసే ఉంటారు. ఆ దీపాలను మన ఈవెంట్ల వాళ్ళు షార్పీలు అంటారు. ఇటలీకి చెందిన క్లే పాకీ కంపెనీ 2010లో తెచ్చిన ఒక మోడల్ పేరది. ఇప్పుడు ఏ దేశం నుంచి వచ్చిన దీపమైనా సరే, సన్నటి కాంతిని దూరంగా విసురుతూ తిరిగేదైతే విజయవాడలోనైనా వరంగల్లోనైనా అది షార్పీయే.

చూసేవాళ్ళ కంటికి ఆనేది ఆ తిరగడం. దాన్ని నడిపే మనిషికి మాత్రం తిప్పడం పెద్ద పని కాదు, ఆ పని మోటార్లు చేస్తాయి. పన్నెండు దీపాలు పన్నెండు చోట్ల నుంచి కదిలి, గాయని నిలబడిన అడుగు జాగా మీద ఒకే క్షణాన, ఒకదాని వెలుగు ఇంకొకదానిలో కలిసేలా ఆగాలి. కష్టమంతా అక్కడుంది. అది సభ మొదలయ్యాక చేసే పని కాదు. అంతకు ముందే, ప్రేక్షకులు లేని వేళ, హాలు చివర లైటింగ్ కన్సోల్ దగ్గర కూర్చున్న ఒకరిద్దరు గంటల తరబడి చేసి ఉంచాల్సిన పని.

ఇలా తిరిగే దీపాల పుట్టుక అమెరికాలోని డాలస్ నగరంలో జరిగింది. అక్కడ షోకో అనే కంపెనీ సంగీత కచేరీలకు సౌండూ లైట్లూ సమకూర్చేది. 1980లో వాళ్ళ ఇంజినీర్లు రంగు మార్చే దీపం ఒకటి తయారు చేసే పనిలో ఉన్నారు. అప్పట్లో వేదిక మీద రంగు కావాలంటే దీపం ముందు జెల్ అనే పలచని రంగు ప్లాస్టిక్ పొర తగిలించడమే సాధారణ పద్ధతి. నాలుగు రంగులు కావాలంటే నాలుగు దీపాలు కావాలి. రంగునిచ్చే డైక్రోయిక్ పూత పూసిన గాజు పలకలైతే వేడికి మాడవు. మోటారుతో వాటిని తిప్పితే ఒక్క దీపమే ఎన్నో రంగులిస్తుంది. ఎలాగూ మోటార్లు పెడుతున్నప్పుడు ఇంకో రెండు పెడితే దీపమే కదులుతుంది కదా అన్న ఆలోచన అక్కడే పుట్టింది. జెనెసిస్ అనే ఇంగ్లండు సంగీత బృందం ఆ నమూనాను చూసి పెట్టుబడి పెట్టింది. 1981 సెప్టెంబరులో స్పెయిన్‌లోని బార్సిలోనాలో, అప్పట్లో ఎద్దుల పోరాటాలు జరిగే ఆవరణలో, ఆ బృందం కచేరీతో ఆ దీపం వారీలైట్ అనే పేరుతో లోకం ముందుకు వచ్చింది. చాలా ఏళ్ళ పాటు కంపెనీ ఆ దీపాలను ఎవరికీ అమ్మలేదు. అద్దెకు మాత్రమే ఇచ్చేది.

అప్పటికీ ఇప్పటికీ శరీరం ఒకటే. అడుగున ఒక పెట్టె, దాని మీద యూ ఆకారంలో రెండు చేతులు, ఆ చేతుల మధ్య తల. చేతులు పక్కలకు తిరగడాన్ని ప్యాన్ అంటారు, తల పైకీ కిందికీ వంగడాన్ని టిల్ట్ అంటారు. ప్యాన్ సాధారణంగా 540 డిగ్రీలు, అంటే చుట్టున్నర. టిల్ట్ 250 నుంచి 270 డిగ్రీల దాకా ఉంటుంది. తల లోపల రంగుల చక్రం, ఆకారాలు చెక్కిన గోబో చక్రం, కాంతిని ముక్కలుగా చీల్చే ప్రిజం, ఫోకస్ సరిచేసే కటకాలు ఉంటాయి. షార్పీ లోపలి ల్యాంపు 189 వాట్లే. అయినా దాని కాంతిపుంజం నాలుగు డిగ్రీలైనా లేని సన్నదనంలో బిగిసి ఉంటుంది కాబట్టి, 20 మీటర్ల దూరంలో కూడా కళ్ళు చెదిరే వెలుగు పడుతుంది.

వేదిక పైన కట్టే లోహపు చట్రానికి, అంటే ట్రస్సుకు వేలాడదీసేటప్పుడు అన్ని దీపాల ముఖమూ ఒకే వైపు ఉండాలి. పెట్టె మీద డిస్‌ప్లే ఉన్న వైపు ప్రేక్షకులకేసి పెడితే అన్నీ అలాగే పెట్టాలి. ఒక్కటి అటుదిటు అయినా, కన్సోల్ దగ్గర కుడికి తిప్పినప్పుడు అదొక్కటీ ఎడమకు పోతుంది. నేల మీద నిలబెట్టినవీ, పైన తలకిందులుగా కట్టినవీ ఎలాగూ ఎదురెదురుగా తిరుగుతాయి. వాటిని కన్సోల్లో ప్యాన్ ఇన్వర్ట్, టిల్ట్ ఇన్వర్ట్ అనే సదుపాయంతో దారికి తెస్తారు. బిగింపు క్లాంపుతో పాటు ప్రతి దీపానికీ సేఫ్టీ వైరు తప్పనిసరి. షార్పీ బరువు 16 కిలోలు. దాని కింద మనుషులు పాడతారు, ఆడతారు. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా ఆపరేటర్ ఒప్పుకోకూడదు.

మన ఊళ్ళలో మైదానాల్లో కట్టే వేదికలకు ఇంకో రెండు జాగ్రత్తలు కావాలి. మొదటిది ఎండ. పగలు దీపం ముందు కటకం సూర్యుడికేసి ఉంటే, ఎండ ఆ కటకం గుండా లోపలికి పోయి ఒకచోట కేంద్రీకరించి లోపలి భాగాలను కాల్చేస్తుంది. దీపం వెలిగించకుండానే దీపం కాలిపోతుందన్నమాట. అందుకే మధ్యాహ్నం పూట తలలన్నీ నేలకేసి దించి ఉంచాలి, లేదా గుడ్డ కప్పాలి. రెండోది కరెంటు. మూడు ఫేజుల జనరేటరు నుంచి వచ్చే న్యూట్రల్ వైరు వదులైతే 230 వోల్టులు అందాల్సిన దీపానికి 400 దాకా అందవచ్చు. అప్పుడు లోపలి బోర్డులు వరసగా పోతాయి. దీపాలకు ప్లగ్గులు పెట్టే ముందే మీటరుతో కొలిచి చూసే ఎలక్ట్రీషియన్ ఉన్న బృందం అదృష్టవంతుల బృందం. షామియానా గుడ్డ మీద, పూల తోరణాల మీద దగ్గర నుంచి కాంతి నిలబెట్టకూడదన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. ఎంత దూరం ఉండాలో ప్రతి దీపం మాన్యువల్లో రాసి ఉంటుంది.

ఇక కన్సోలుకూ దీపాలకూ మధ్య సంగతి. ఆ రెంటి మధ్యా నడిచే భాష పేరు డీఎమ్ఎక్స్ 512. అమెరికాలోని రంగస్థల సాంకేతిక సంస్థ 1986లో దాన్ని రూపొందించింది. అప్పటిదాకా చాలావరకు ఏ కంపెనీ కన్సోలు ఆ కంపెనీ డిమ్మర్లతోనే, అంటే వెలుగును పెంచి తగ్గించే పరికరాలతోనే మాట్లాడేది. అందరికీ ఒక భాష ఉండాలని, ప్రధానంగా డిమ్మర్ల కోసం చేసిన ఏర్పాటది. తర్వాత వచ్చిన తిరిగే దీపాల్లో చాలావరకు దాన్నే పట్టుకున్నాయి.

అది పని చేసే తీరు పెళ్ళి పంక్తిలో వడ్డన లాంటిది. 512 విస్తళ్ళు వరసగా వేసి ఉన్నాయి. కన్సోలు మొదటి విస్తరి నుంచి ఒక్కో దాంట్లో ఒక్కో అంకె వడ్డించుకుంటూ పోతుంది. ఆ అంకె సున్నా నుంచి 255 దాకా ఏదైనా కావచ్చు. చివరి విస్తరి చేరగానే మళ్ళీ మొదటికొస్తుంది. 512 విస్తళ్ళూ నిండుగా ఉన్నా సెకనుకు 44 సార్ల దాకా వరస పూర్తవుతుంది. ఏ విస్తరి నుంచి మొదలుపెట్టి తినాలో దీపానికి ముందే చెప్పి ఉంచాలి. దాన్నే అడ్రస్ అంటారు. షార్పీ మామూలు మోడ్‌లో 16 చానెళ్ళు, అంటే 16 విస్తళ్ళు తీసుకుంటుంది. కాబట్టి మొదటి దీపం అడ్రస్ 1, రెండోది 17, మూడోది 33, నాలుగోది 49. ఇలా పన్నెండో దీపం 177 దగ్గర మొదలై 192తో ముగుస్తుంది. ఒక లైనులో ఇలాంటివి సరిగ్గా 32 పడతాయి. ముప్ఫై రెండో దీపం 497 నుంచి 512 దాకా తీసుకుంటుంది, అక్కడితో వరస నిండిపోతుంది.

వడ్డించేవాడు తిన్నారా లేదా అని వెనుదిరిగి చూడడు. డీఎమ్ఎక్స్ ఒకవైపు మాత్రమే పోయే మాట. దీపానికి అంకె సరిగ్గా అందిందో లేదో కన్సోలుకు తెలియదు, దారిలో అంకె చెడితే పట్టుకునే ఏర్పాటూ లేదు. అందుకే బాణసంచా పేల్చడానికి, మనుషుల తల మీద బరువులు కదిలించడానికి దీన్ని వాడకూడదని ఆ ప్రమాణమే హెచ్చరిస్తుంది.

అడ్రస్ ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో తెలిస్తే ఈ పని ఎంత పట్టు కోరుతుందో అర్థమవుతుంది. షార్పీ చానెళ్ళ వరస ఇలా ఉంటుంది. మొదటిది రంగు, రెండోది వేగంగా ఆర్పి వెలిగించే స్ట్రోబ్, మూడోది వెలుగు, నాలుగోది గోబో. ప్యాన్ పదోది, టిల్ట్ పన్నెండోది. ఆ రెంటి పక్కనే పదకొండూ పదమూడూ వాటి సన్నటి సవరణలు. చివరి రెండూ రీసెట్, ల్యాంప్ కంట్రోలు. ఇప్పుడు 17 అని పెట్టాల్సిన దీపానికి ఎవరో 18 అని పెట్టారనుకుందాం. ఆపరేటర్ గోబో మారుస్తాడు, దీపం వెలుగు పెరుగుతుంది. ప్యాన్‌ను నెమ్మదిగా తిప్పుతాడు. దీపానికి ప్యాన్ స్థానంలో అందేది సన్నటి సవరణ అంకె, అది సున్నా నుంచి 255కు పరుగెత్తి మళ్ళీ సున్నాకు పడుతూ ఉంటుంది. దాంతో తల పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. పక్క దీపం రంగు మారిస్తే ఆ అంకె దీని ల్యాంప్ కంట్రోలు మీద పడుతుంది. చూసినవాళ్ళు దీపం పాడైందంటారు. పాడైంది ఏమీ లేదు, దానికి చెప్పిన అడ్రస్ తప్పు.

ప్యాన్‌కు రెండు చానెళ్ళెందుకు? 540 డిగ్రీల తిరుగుడును 256 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు రెండు డిగ్రీలకు పైనే. ఇరవై మీటర్ల దూరాన అది 70 సెంటీమీటర్ల కంటే ఎక్కువ. గాయని ముఖం మీద ఉండాల్సిన వెలుగు ఒక్క మెట్టు కదిలితే ఆమె పక్కనున్న వాద్యకారుడి మీద ఉంటుంది. రెండు చానెళ్ళూ కలిపితే 65,536 మెట్లు వస్తాయి. అప్పుడు అదే దూరాన ఒక మెట్టు మూడు మిల్లీమీటర్లు. నెమ్మదిగా సాగే కదలిక కుదుపులు లేకుండా నీళ్ళలా జారాలంటే ఈ సన్నటి చానెల్ ఉండాల్సిందే. చానెళ్ళు ఆదా చేద్దామని దాన్ని వదిలేసే మోడ్ ఎంచుకోవడం చివరికి నష్టమే.

కేబుల్ సంగతి త్వరగా చెప్పుకుందాం. డీఎమ్ఎక్స్‌కు 120 ఓముల కేబుల్ కావాలి. మైకు వైరు చూడటానికి అలాగే ఉంటుంది గానీ దాని స్వభావం వేరు. దీపం నుంచి దీపానికి గొలుసులా పోవాలి, మధ్యలో వై ఆకారంలో చీల్చకూడదు. లైనుకు 32 పరికరాలు దాటితే సంకేతాన్ని వేరే లైన్లకు పంచే స్ప్లిటర్ పెట్టాలి. చివరి దీపంలో 120 ఓముల టర్మినేటర్ గుచ్చాలి. అది లేకపోతే సంకేతం చివర తగిలి వెనక్కి ప్రతిధ్వనిస్తుంది. ఆ గందరగోళంలో దీపాలు కారణం లేకుండా మిణుకుతాయి, ఉలిక్కిపడతాయి.

కన్సోల్లో మొదటి పని ప్యాచ్. లండన్‌కు చెందిన అవొలైట్స్ కన్సోలైనా, జర్మనీ వాళ్ళ గ్రాండ్ ఎంఏ అయినా పద్ధతి ఒకటే. కంపెనీ పేరు, దీపం పేరు, ఏ మోడ్, ఎన్ని దీపాలు, ఏ లైను, ఏ అడ్రస్ అన్నవి చెప్పాలి. దీపం మెనూలో ఒక మోడ్, కన్సోల్లో ఇంకో మోడ్ ఉంటే పైన చెప్పుకున్న పూనకమే మళ్ళీ. ఆ తర్వాత ల్యాంపులు వెలిగించాలి. అన్నీ ఒక్కసారి కాకుండా నాలుగేసి చొప్పున వెలిగిస్తే జనరేటరు మీద దెబ్బ పడదు. తర్వాత లొకేట్ నొక్కుతారు. అప్పుడు దీపాలన్నీ మధ్యకు వచ్చి తెల్లగా, ఏ ఆకారమూ లేకుండా వెలుగుతాయి. ఏది పలికిందో, ఏది పలకలేదో అప్పుడే తేలిపోతుంది.

అసలు పని ఇక్కడి నుంచి. ముందు గుంపులు కట్టాలి. అన్నీ ఒక గుంపు, ముందు ట్రస్సువి ఒకటి, వెనకవి ఒకటి, బేసి సంఖ్యవి, సరి సంఖ్యవి. తర్వాత ప్యాలెట్లు. ఎంఏ కన్సోళ్ళలో వాటినే ప్రీసెట్లంటారు. వేదిక మధ్యలో టేపు అంటించిన గుర్తు మీద ఒక సహాయకుడు నిలబడతాడు. ఆపరేటర్ దీపాలను ఒక్కొక్కటే, వెలుగు బాగా తగ్గించి, ఆ మనిషి మీదికి తెస్తాడు. పన్నెండూ చేరాక ఆ స్థానాన్ని ఒక బటన్ మీద, సెంటర్ అని పేరు పెట్టి దాస్తాడు. అలాగే ఎడమ మైకు, కుడి మైకు, డ్రమ్స్, నేల, ప్రేక్షకుల తలల పైన గాలి, విసనకర్రలా విచ్చుకున్న ఆకారం. రంగులకు వేరే ప్యాలెట్లు, గోబోలకు వేరేవి. ఈ దశలోనే చుట్టున్నర ప్యాన్ వల్ల వచ్చే చిక్కు బయటపడుతుంది. ఒకే చోటికి తల రెండు మూడు రకాలుగా చేరగలదు. పదకొండు దీపాలు దగ్గరి దారిన వస్తుంటే ఒకటి వెనక్కి పెద్ద చుట్టు తిరిగి ఆలస్యంగా చేరుతుంది. కన్సోల్లో ఫ్లిప్ అనే సదుపాయం అందుకే ఉంది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని దారి మార్చాలి.

ప్యాలెట్ ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి చిన్న లెక్క చాలు. ఒక కచేరీలో గాయనిని వెలిగించే క్యూలు, అంటే ముందే రాసి దాచుకున్న వెలుగు మార్పులు, 60 ఉన్నాయనుకుందాం. దీపాలు 12. ప్యాలెట్ వాడకుండా రాస్తే 720 స్థానాలు అంకెలుగా దాగి ఉంటాయి. రేపు ఇంకో ఊళ్ళో వేదిక ఎత్తు ఒక అడుగు పెరిగితే ఆ 720 మళ్ళీ సరిచేయాలి. ప్యాలెట్‌తో రాసిన క్యూ అంకెలను దాచుకోదు, సెంటర్ అనే ప్యాలెట్‌ను చూడమని మాత్రమే చెబుతుంది. కొత్త ఊళ్ళో ఆ ఒక్క ప్యాలెట్‌ను 12 దీపాలకు సరిచేస్తే 60 క్యూలూ వాటంతట అవే సర్దుకుంటాయి. తిరుపతి నుంచి విశాఖకు ప్రయాణించే బృందం ఒక సాయంత్రంలో సిద్ధం కావడం ఇలాగే సాధ్యమవుతుంది.

క్యూ రాయడంలో నేర్పు చీకట్లో ఉంటుంది. ఆరి ఉన్న దీపం తర్వాతి క్యూలో నీలం రంగులో, డ్రమ్స్ మీద వెలగాలంటే, అది ఆరి ఉండగానే అక్కడికి చేరి, రంగు మార్చుకుని సిద్ధంగా ఉండాలి. లేకపోతే వెలిగాక కదులుతుంది. జనం నెత్తి మీదుగా గీత గీసుకుంటూ పోతుంది, రంగుల చక్రం పచ్చా ఎరుపూ దాటుకుంటూ తిరగడం అందరికీ కనిపిస్తుంది. మంచి కన్సోళ్ళు ఈ చీకటి కదలికను వాటంతట అవే చేస్తాయి. చేయని వాటిలో మధ్యలో ఒక క్యూ అదనంగా రాయాలి.

కన్సోల్లో సిద్ధంగా దొరికే షేపులు ఇంకో ఆకర్షణ. సర్కిల్ నొక్కితే దీపాలన్నీ వలయాలు తిరుగుతాయి. వలయంలో ఒక్కో దీపం మొదలయ్యే చోటును, అంటే ఫేజ్‌ను సరిచేసి 12 దీపాలకు 30 డిగ్రీల చొప్పున తేడా ఇస్తే అల పుడుతుంది. అందమే, కాదనలేం. కానీ సాయంత్రమంతా అదే సర్కిల్ తిరుగుతూ ఉంటే పల్లవికీ చరణానికీ, మెలోడీకీ మాస్ బీటుకూ తేడా పోతుంది. మన వేడుకల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ఎనిమిది సెకన్ల పాటు నెమ్మదిగా పైకి లేచి నిలిచిపోయే ఆరు కాంతి రేఖలు ఒక పాత ఘంటసాల పాటకు ఇచ్చే గౌరవం, ఏ సుడిగాలి తిరుగుడూ ఇవ్వలేదు.

కూచిపూడి తరంగం లాంటి అంశం వేదిక మీదికి వచ్చినప్పుడు ఈ మాట మరింత నిజం. నర్తకి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, ఒక్కోసారి తల మీద నీళ్ళ చెంబుతో, ఆ పళ్ళేన్ని కదుపుతూ ముందుకు వస్తుంది. ఎదురుగా నేల మట్టం నుంచి షార్పీ ఆమె కళ్ళలోకి కొడితే అది ప్రమాదం. స్ట్రోబ్ అసలే కూడదు. తిరిగే దీపాలు వెనకా పైనా ఉండి, ఆమె భుజాల అంచును, పళ్ళెం మెరుపును పట్టుకోవాలి. ఆమెను వెంటాడకూడదు. వెనక, మధ్య, ముందు అని మూడు స్థానాలు ముందే దాచుకుని, సగం దీపాలు ఆరుతుండగా చీకట్లో సిద్ధంగా ఉన్న మిగతా సగం వెలిగితే, వెలుగు ఆమెతో నడిచినట్టే ఉంటుంది, ఒక్క తలా కదిలినట్టు కనిపించదు. రంగు సంగతీ ఉంది. షార్పీ వెలుగు 8000 కెల్విన్లు, నీలి ఛాయ ఉన్న తెలుపు. ముఖం మేకప్పునూ, పట్టు చీర బంగారు జరీనీ అది పాలిపోయేలా చేస్తుంది. ముఖానికి 3200 కెల్విన్ల వెచ్చటి హాలోజన్ వెలుగు ముందు నుంచి వేయాలి, ఆ పని షార్పీకి అప్పగించకూడదు. ఇలాంటి క్యూలు నర్తకితో, నట్టువాంగం చెప్పేవారితో కలిసి కనీసం ఒకసారైనా సాధన చేయకుండా కుదరవు. మాయాబజార్ నాటకంలో సురభి కళాకారులు చేత్తో చేసే మాయలు తరతరాలుగా నిలిచిందీ తెర వెనక సాధన వల్లనే.

అయితే సాధనకు సమయం ఎక్కడ? సౌండ్ చెక్‌కు గంట కేటాయిస్తారు, పూల అలంకరణకు పూట కేటాయిస్తారు. లైటింగ్ వాళ్ళకు మిగిలేది అతిథుల కార్లు గేటు దగ్గరికి వచ్చే వేళ. మూసి ఉన్న హాల్లో అయితే తలుపులు వేసి ఎప్పుడైనా చీకటి చేసుకోవచ్చు. మైదానంలో చీకటి కావాలంటే సాయంత్రం ఆరున్నర దాటాలి, సభ ఏడింటికి. ఆ అరగంటలో 12 దీపాలకు ఏడెనిమిది స్థానాలు ఎవరూ రాయలేరు. రాయలేక సర్కిల్ నొక్కేస్తారు. నిర్వాహకులు చేయగలిగింది ఒకటుంది. వేదికా, ట్రస్సూ, జనరేటరూ ఒక రోజు ముందే సిద్ధం చేసి, ముందురోజు రాత్రి మూడు గంటలు మైదానాన్ని లైటింగ్ బృందానికి వదిలేయడం. దానికయ్యే డీజిలూ, కాపలా మనిషి కూలీ మొత్తం ఖర్చులో చిన్న పద్దు. ఆ పద్దును ఒప్పందం కాగితంలోనే రాయించుకోమని ఆపరేటర్లు పట్టుబట్టాలి. కమిటీలు కూడా అడగకముందే దాన్ని రాసి ఇవ్వాలి.